విగో వంశపు ఎలుకలు

2006 ఫిబ్రవరి 3, శుక్రవారం

మారెన్ ల్యాబ్ నుంచి వచ్చి, కోటు విప్పకుండానే కూర్చుంది. నాన్న రాసింది తప్పేమోనమ్మా, అంది.

ఒక జన్యువు తీసేసిన నల్ల ఎలుకలకు కొవ్వు తిండి పెడితే, ఆ తర్వాత ఇన్సులిన్ ఎంత ఇచ్చినా రక్తంలో చక్కెర దిగదని విగో పన్నెండేళ్ల కిందట రాశాడు. ఇప్పుడు అదే జన్యువు, అదే తిండి. మారెన్ ఎలుకలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. విగో పరిశోధన పేపర్ వెనక్కి తీసుకోవాలని ల్యాబ్‌లో అంటున్నారట.

అతను పోయి నాలుగేళ్లు. ఇక జవాబు చెప్పుకోలేడు.

ఫిబ్రవరి 5

విగో పనిచేసిన, ఇప్పుడు మారెన్ పనిచేస్తున్న ఆ ల్యాబ్‌లో ఎవరు పొరపాటు చేసినా శుక్రవారం కేకు తేవాలి. విగో పొరపాట్లన్నిటికీ కేకు చేసింది నేనే. ట్యూబులు తారుమారైతే యాలకుల కేకు, ఎలుక తప్పించుకుంటే ఆపిల్ కేకు. గిన్నెలో మిగిలిన పిండి నాకుతూ, ఇంకో ఎలుకను వదిలేసి రానా అనేవాడు.

ఇప్పటి ల్యాబ్ పెద్ద ప్రెబెన్ అతని స్నేహితుడే. ఫోన్ చేసి, ఈసారి విగో తరఫున కేకు నీదే కిర్స్టీనా, అని నవ్వాడు. ఓవెన్ ముట్టుకోను అని పెట్టేశాను.

ఫిబ్రవరి 21

మారెన్ కారణం పట్టుకుంది. విగో ఎలుకలు ల్యాబ్‌లోనే తరతరాలుగా పెరిగినవి. అతను పోయాక ప్రెబెన్ వాటిని, అదే పేరుతో బయట కొన్న ఎలుకలతో జత కట్టిస్తూ వచ్చాడు. పేరొకటే, రంగొకటే. కానీ ఎప్పుడో విడిపోయిన దాయాదులట.

నువ్వూ బిర్గిత్ అత్తా ఒకే వెన్న తింటారు, ఇన్సులిన్ సూదులు ఆవిడకే కదా, అంది.

విగో ఇచ్చిన పాత జంటల సంతానం ఆర్హుస్ నగరంలో ఒక మిత్రుడి దగ్గర ఇంకా ఉందట. తెచ్చి, రెండు వంశాలకూ పక్కపక్కనే అదే తిండి పెట్టి చూస్తుందట.

మార్చి 30

కబురు లేదు. కిటికీలన్నీ తుడిచాను.

మే 26, శుక్రవారం

విగో వంశానికి చక్కెర దిగలేదు. కొత్త వంశానికి దిగింది. తండ్రీ కూతురూ ఇద్దరూ నిజమే రాశారు. పేపర్ ఉంటుంది. ‘ఈ వంశంలో’ అన్న మాట మాత్రం చేరుతుంది.

సాయంత్రం ప్రెబెన్ కేకు పట్టుకొచ్చాడు. నడుమ కుంగిపోయింది. బేకింగ్ పౌడర్ మరిచావా అన్నాను. ల్యాబంతా అడిగేసింది, నువ్వు మిగిలావు అన్నాడు. విగో ఉంటే ఏడాదంతా ఏడిపించేవాడు నన్ను, అంటూ కేకు కోశాడు.

రెండు ముక్కలు తిన్నాను.

జూన్ 14

మారెన్ ల్యాబ్‌కు తీసుకెళ్లింది. అద్దం అవతల రెండు వరుసల పెట్టెలు. ఎలుకలన్నీ నల్లవే. ఏవి విగోవో అడగలేదు. రెండు వైపులా చెయ్యి ఊపాను.