నాలుగింటి ఎండ

అత్తయ్యా, వంట చేసి పొయ్యి మీదే ఉంచాను, వేడి చేసుకుని తినండి. కిటికీ దగ్గర స్టాండు మీద నా కెమెరా ఉంది, కదపకండి. మీకు దండం పెడతాను, పోయినసారిలా తడిగుడ్డతో దాని అద్దం తుడవకండి. నాలుగింటికి ఎండ మీ కుర్చీ మీద పడగానే, ధర స్టిక్కర్ అంటించిన బటన్ ఒక్కసారి నొక్కండి.

ఊరందరికీ సెలవులు, మా బట్టల షాపువాళ్లకే లేవు. జనం విప్పి పడేసిన చొక్కాలు మడతపెట్టేసరికి రోజూ చీకటి పడుతోంది. పగలు మన ఇల్లు ఎలా ఉంటుందో కూడా మర్చిపోయాను.

అన్నట్టు, బటన్ నొక్కిన ముప్ఫై సెకన్లకు ఫోటో పడుతుంది. మీ మోకాళ్ల సంగతి తెలిసే అంత టైం పెట్టాను. నెమ్మదిగా వెళ్లి కుర్చీలో కూర్చోండి. ఖాళీ కుర్చీ కోసమా నేనింత తంటాలు పడేది?