అరవై జతల చెప్పులు

అమీర్‌పేట,
ఆగస్టు 2, 2000

పై అంతస్తులో కంప్యూటర్ క్లాసులు నడుపుతున్న శ్రవణ్ గారికి, కింది వాటా అరుణాదేవి నమస్కారాలు.

మా హైందవికి డిగ్రీ అయి రెండేళ్లయినా ఉద్యోగం రాలేదని నిన్నటి నుంచి నలభై రోజుల లలితా పారాయణ పట్టాను. మధ్యలో వేరే మాట మాట్లాడకూడదు. రోజూ పొద్దున అది ముగిసేసరికి మీరు క్లాసులో ఉంటారు. అందుకే ఈ కాగితం. ఏసీ గదిలోకి చెప్పులు రానివ్వరట. మీ ఆరు గంటల బ్యాచ్ అరవై జతలూ మా గడప ముందే విప్పి పైకెక్కుతోంది. నా ముగ్గు నాకే కనపడటం లేదు.

ఇట్లు,
అరుణాదేవి

తా.క. తులసికోట మీద ఒక ఎడమ బూటు ఉంది. ఎవరిదో కనుక్కోండి.


ఆగస్టు 3

అరుణమ్మ గారికి నమస్తే.

దుమ్ము చేరితే కంప్యూటర్లు ఖరాబవుతాయి. ప్రతి ఇబ్బందిలోనూ ఒక మంచి ఉంటుంది, చూసే కన్ను కావాలి. శనివారం పర్సనాలిటీ క్లాసులో నేను చెప్పేది ఇదే, జావాతో పాటు ఫ్రీ. ఇన్ని చెప్పులు గుడి ముందు తప్ప ఎక్కడ కనిపిస్తాయి? మీ ఇంటికి ఆ కళ వచ్చిందనుకోండి. ఫికర్ చేయకండి.

మీ శ్రవణ్

తా.క. ఆ పిల్లగాడు కుడి బూటొక్కటే వేసుకుని పంజాగుట్ట దాకా నడిచిపోయిండట. పాజిటివ్ మనిషి.


ఆగస్టు 11

శ్రవణ్ గారికి,

మీ నోటి మాట ఫలించింది. నిన్న చెప్పులు చూసి, లోపల సహస్రనామం విని, ఇద్దరు ఆడవాళ్లు కొబ్బరికాయలతో వచ్చేశారు. వెళ్లమని చేయి ఊపితే రమ్మన్నాననుకుని కూర్చున్నారు. మావారు స్నానం చేసి తువ్వాలుతో బయటికొస్తే, పూజారి అనుకుని గోత్రం చెప్పారు. ఆయన ఆఫీసుకి ఆలస్యం. ఇందులో మంచి ఎక్కడుందో మీరే కిందికొచ్చి వెతికి పెట్టండి.

ఓపిక నశిస్తున్న
అరుణాదేవి

తా.క. ఇక చాలని అరచెయ్యి చూపించాను. అయిదింటికి రమ్మన్నాననుకున్నారు. ఈరోజు అయిదింటికే గంట కొట్టారు.


ఆగస్టు 29

అమ్మా,

ఇది బాగాలేదు. నా బ్యాచ్ సుత మీ ఇంట్లోనే ఆగిపోతోంది. ఆరింటికి రావలసినవాళ్లు ఆరున్నరకి, మీరు పంచే ప్రసాదం తిని చేతులకు నూనెతో వస్తున్నారు. కీబోర్డులన్నీ పసుపు. మీ పులిహోర తిన్న మర్నాడే వంశీధర్ అనే అబ్బాయికి ఇంటర్వ్యూ పిలుపొచ్చిందట. అప్పటి నుంచి నన్నెవరూ నమ్మడం లేదు. పిలిస్తే "సార్, జర ఆగుండ్రి, ప్రసాదం ఐపోనీయుండ్రి" అంటున్నారు. దయచేసి పులిహోర ఆపండి.

శ్రవణ్

తా.క. చింతపండా, నిమ్మకాయా? నాకోసం కాదు, బ్యాచ్ అడుగుతోంది.


సెప్టెంబరు 7

శ్రవణ్ గారికి,

గడప తొక్కినవాళ్లను ఉత్త చేతులతో పంపకూడదని పెట్టాను. తింటే వెళతారనుకుంటే, రేపెన్నింటికని అడుగుతున్నారు. ఊళ్లో అందరికీ పిలుపులొస్తున్నాయి, మా పిల్లకి తప్ప. ఇందులోనూ మంచి ఉందని రాయకండి. ముప్పై ఎనిమిది రోజులు ఓర్చుకున్నాను, మిగిలిన రెండూ ఓర్చుకుంటాను.

అరుణాదేవి

తా.క. చింతపండు.


సెప్టెంబరు 9, శనివారం

అరుణమ్మ గారికి,

మీ ఆఖరి రోజు పారాయణ ఇంకా పైకి వినిపిస్తోంది. మీరు లేచేసరికి ఈ కాగితం గడప దగ్గర ఉంటుంది.

పొద్దున్నే హైందవి పైకొచ్చింది. "ఏంటండీ, మా అమ్మ నోరు విప్పదనేగా ఈ ధైర్యం?" అంది. నేను ప్రతి ఇబ్బందిలోనూ అని మొదలుపెట్టాను. "అది శనివారం క్లాసులో చెప్పుకోండి" అంది. ఈరోజు శనివారమే అన్నాను. వినలేదు. పావుగంటలో అరవైమందినీ వరుసలో నిలబెట్టి, చేతులు కడిగించి, చెప్పులు పైకి తెప్పించి, జత జతకీ నంబరు చీటీ కట్టించింది. ఇలాంటి మేనేజర్ కోసం ఆర్నెల్లుగా వెతుకుతున్నా. కాళ్లా వేళ్లా పడి ఒప్పించాను. ఇంకా కిందికి దిగలేదు, నా రిజిస్టర్లు సర్దుతూ నన్ను తిడుతోంది.

ఆ చెప్పులన్నీ ఇప్పుడు నా క్యాబిన్ ముందున్నాయి. ఇందులో మంచి కోసం చూస్తున్నాను.

మీ అమ్మాయి కింద పనిచేస్తున్న
శ్రవణ్

తా.క. ఇప్పుడే ఎవరో నా తలుపు ముందు కొబ్బరికాయ కొట్టారు.