మంచెకు కట్టిన మైకు

మంగళవారం, రాత్రి

ఏనుగులొస్తే ఇంట్లోకే వినిపించాలని రాగిచేలో మంచెకు మైకు కట్టి, ఇంటిదాకా వైరు లాగాను. నేను చేసిన యాంప్లిఫయర్ మాత్రం సాయంత్రమైనా పలకలేదు.

"ఇది పలికేది యాడ? నేనే కావలికి పోతాను లేప్పా," అని నాన్న కంబళి తీసుకుని వెళ్లాడు.

తర్వాత చూస్తే, ట్రాన్సిస్టర్ కాళ్లు తారుమారు చేసి టంకం పెట్టాను! సరిచేయగానే స్పీకర్లో నాన్న గొంతు. ఏనుగులకే మొక్కుకుంటున్నాడు.

"ఈతట్టు రావొద్దు సామీ. పరిగెత్తేకి నాకు కాళ్లాడవు."

ఏనుగంటే లెక్కేలేదని ఊరంతా చెప్పుకునే మనిషి!

ఆయన్ని రమ్మంటే, విన్నానని తెలిసిపోతుంది. స్విచ్చి ఆపితే, ఏనుగొచ్చినా నాకు తెలియదు. వాల్యూమ్ తగ్గించాను, మళ్లీ పెంచాను.

ఇప్పుడు మాటల్లేవు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. అది నాన్నదేనా?

టార్చి తీసుకుని పోతున్నాను.