నొక్కితే చాలు

మే 6

పాత ఆఫీసు మేనేజర్ ఫోన్ చేశారు. నా సీటు ఇంకా ఖాళీగానే ఉందట. నెలాఖరులోగా ఏదో ఒక సంగతి చెప్పమన్నారు. మా ఆయనకు నేనిచ్చిన మాట గుర్తుంది: మే అయ్యేలోగా యాప్ మీద ఇంటి అద్దె రాకపోతే మళ్లీ ఉద్యోగమే. ఇప్పటిదాకా వచ్చింది కరెంటు బిల్లుకు కూడా చాలదు.

భోజనాల దగ్గర మామయ్య అడిగారు, యాప్ ఊరికే ఇస్తున్నావు కదా, మరి డబ్బెక్కడిదని. టైలర్లు కొలతలు కొడితే ఎన్ని మీటర్ల గుడ్డ పడుతుందో యాప్ చెబుతుంది, కింద సన్నటి పట్టీలో ప్రకటన వస్తుంది, ఎవరైనా దాన్ని నొక్కితే నాకు కొంత ముడుతుంది అని చెప్పాను. నొక్కితే చాలా అన్నారు. చాలు మామయ్యా అన్నాను. ఇంతలో ఎవరో బెల్ కొడితే లేచిపోయాను.

మామయ్య ముప్ఫై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. ఇప్పటికీ ఆయన వేళ్లు టేబుల్ మీద ఊరుకోవు. నేను ఉద్యోగం మానేసినప్పుడు మంచీ చెడూ ఏమీ అనలేదు. అందుకే నాకు ఆయనంటే భయం.

మే 11

క్లిక్కులు పెరిగాయి! దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పలేదు.

మే 19

రోజురోజుకీ పెరుగుతున్నాయి. పట్టీ రంగు మార్చాను కదా, అందుకే అయ్యుంటుంది. వాడేవాళ్లు మాత్రం పెరగలేదు. ఆ సంగతి ఆలోచించబుద్ధి కాలేదు.

సాయంత్రం మామయ్య పార్కు నుంచి వచ్చీ రాగానే, ఎలా ఉంది నీ యాప్ అని అడిగారు. బ్రహ్మాండంగా ఉందన్నాను. చిన్నపిల్లాడిలా మొహం వెలిగిపోయింది. నా మీద ఇంత ఆపేక్ష ఎప్పుడు పుట్టిందో ఏమో.

మే 30

ప్రకటనల లెక్కలో అద్దెకు సరిపడా చేరింది. మేనేజర్‌కు ఫోన్ చేసి రానని చెప్పేశాను. మరోసారి ఆలోచించుకోమన్నారు. ఆలోచించేశానన్నాను, కాస్త పొగరుగానే.

జూన్ 2, ఉదయం 8

ప్రకటనల కంపెనీ నుంచి మెయిల్. క్లిక్కులు నిజమైనవి కావట. అకౌంట్ ఆపేశారు. మే నెల డబ్బు ఇవ్వరు. రెండు వారాల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి.

జూన్ 2, మధ్యాహ్నం

సొంత మనుషులు నొక్కడం మోసం కింద లెక్క. నాకా రూలు తెలుసు. ఒక్కసారి కూడా నొక్కలేదు. మరెవరు? నాలాంటి యాప్ చేసినవాడు ఇంకొకడున్నాడు. నన్ను ముంచడానికి వాడే మనుషుల్ని పెట్టి నొక్కించి ఉంటాడు. ఒళ్లు మండిపోతోంది.

మా ఆయన వాణ్ని వదిలేసి ముందు లెక్కలు చూసుకోమన్నారు. మాటా మాటా పెరిగింది. ముందు గదిలో మామయ్య టీవీ సౌండ్ పెంచారు.

జూన్ 3

నా యాప్ రాసుకున్న లెక్కలన్నీ తీశాను. ఆ క్లిక్కులన్నీ ఆరంటే ఆరు ఫోన్ల నుంచి. పొద్దున వాకింగ్ వేళ, సాయంత్రం వాకింగ్ వేళ. అన్నీ మా పేటలోవే.

ఒక అనుమానం వచ్చింది. ఇక్కడ కూడా రాయలేను.

జూన్ 4

సాయంత్రం పార్కుకు వెళ్లాను.

గేటు పక్క బెంచీల మీద ఐదుగురు పెద్దవాళ్లు ఫోన్ల మీదికి వంగి కూర్చున్నారు. ఎదురుగా మామయ్య నిలబడి, చేత్తో తాళం వేస్తూ టైపు క్లాసులోలాగా నడిపిస్తున్నారు. నొక్కు, వెనక్కి రా, నొక్కు. రెండు రోజులుగా పట్టీ ఖాళీగా ఉన్నా ఆపలేదు. పళ్ల డాక్టరుగా చేసి రిటైరైన ఆయన మొరాయించారు, అక్కడేమీ లేదు, పైగా వేలు లాగేస్తోందని. మామయ్య వినలేదు. కోడలు మంచి ఉద్యోగం వదులుకుని రోజంతా కంప్యూటర్‌తో ఒంటరిగా కుస్తీ పడుతోంది, ఆ పని తనకు ఒక్క ముక్క అర్థం కాదు, చేతనైన సాయం ఇదొక్కటే, ఇంకో పదిసార్లు నొక్కండి అని బతిమాలారు. మామయ్య ఒకరిని బతిమాలడం నేనెన్నడూ చూడలేదు.

చెడామడా దులిపేద్దామని వెళ్లినదాన్ని, వాళ్ల కంటబడకుండా వెనక్కి వచ్చేశాను. వీధి పొడుగునా ఏడుపు ఆగలేదు.

జూన్ 5

నాన్నకు చెప్పేయాల్సిందే అన్నారు మా ఆయన. మీరే చెప్పండన్నాను. పెద్ద ధీమాగా తండ్రి గదిలోకి వెళ్లి, పేపర్ అడిగి తెచ్చుకున్నారు.

సంజాయిషీలో ఉన్నదున్నట్టు రాశాను. ఇంటి పెద్దాయన, ఆయన స్నేహితులు, నా మీద ప్రేమ కొద్దీ చేశారని. ఆ ఆరు ఫోన్లకు ఇక మీ ప్రకటనలు వెళ్లనివ్వనని.

మామయ్య వచ్చి పట్టీ ఖాళీగా ఉందేమని అడిగారు. రిపేరన్నాను.

జూన్ 13

కుదరదన్నారు. నా పేరు మీద ఇక ఎప్పటికీ ప్రకటనలు ఇవ్వరట.

జూన్ 14

వీధి చివర టైలరమ్మను అడిగి చూశాను, ప్రకటనలు తీసేసి నెలకింత అని పెడితే కడతావా అని. నెలనెలా కట్టే బదులు టేపు తీసి తానే లెక్కేసుకుంటానంది. మిగతావాళ్లూ అదే పాట.

మేనేజర్‌కు ఫోన్ చేశాను. ఆ సీటు నిండిపోయింది. నేను పని నేర్పిన అమ్మాయి కింద ఒకటి ఉందట. సిగ్గు చంపుకుని సరేనన్నాను. సోమవారం చేరాలి.

మామయ్యకు తెలిసింది. యాప్ అంత బాగా నడుస్తుంటే మళ్లీ ఉద్యోగం దేనికన్నారు. రిపేరు ఇంకా కాలేదా, తను చేయగలిగిందేమైనా ఉందా అని అడిగారు. వేళ్లు మోకాలి మీద ఆడుతూనే ఉన్నాయి. నిజం నోటిదాకా వచ్చింది. రెండు రోజుల్లో అయిపోతుంది మామయ్యా అన్నాను.

జూన్ 19

ఆ ఆరు ఫోన్లలో పట్టీ మళ్లీ వచ్చింది. ఆఫీసు నుంచి వచ్చి ప్రకటనల బొమ్మలు నేనే గీస్తున్నాను. నిన్న గొడుగు, ఈరోజు ఇస్త్రీపెట్టె. నొక్కితే థాంక్స్ అని వస్తుంది, అంతే.

ఈ కొత్త కంపెనీ వాళ్లు మర్యాదస్తులని మామయ్య మా ఆయనతో అన్నారట. నొక్కిన ప్రతిసారీ థాంక్స్ చెబుతున్నారట.