గుట్టకు గేటు

ఆర్మూర్
సెప్టెంబర్

ప్రియమైన విజ్జీకి,

నీ మోకాలి ఆపరేషన్ బాగా జరిగిందని మీ అంకిత ఫోన్ చేసి చెప్పింది. కూతురింట్లో ఉన్నావు కాబట్టి నాకు ఆ దిగులు లేదు. నీకు ఫోన్‌లో మాట వినబడకుండా పోయినప్పటి నుంచి మనకు ఈ ఉత్తరాలే దిక్కయ్యాయి. నాకైతే ఇదే బాగుంది. కుట్టు మిషన్ ఆపి కాసేపు నీ పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

ఈసారి మాత్రం మనసు బాగాలేక రాస్తున్నాను. మా గల్లీ వెనకున్న కొంగల గుట్టకు గేటు పెడుతున్నారు. మెట్ల దగ్గర అప్పుడే ఇనుప స్తంభాలు పాతారు. ఇకమీదట గుట్ట ఎక్కాలంటే మనిషికి పది రూపాయల టికెట్టట. గుట్ట కమిటీకి మీ ఆయన దత్తాత్రి అన్నే పెద్ద. నీకు తెలిసే ఉంటుంది.

నా బాధ పది రూపాయల గురించి కాదు విజ్జీ, మా తమ్ముడి గురించి. చిన్నప్పుడు జ్వరం తలకెక్కిన నాటి నుంచి ఆమిర్ ఎలా ఉన్నాడో నువ్వు చూస్తూనే ఉన్నావు. నలభై ఏళ్లు వచ్చాయి, ఇప్పటికీ పొద్దున్నే గుట్టెక్కి పెద్ద బండ మీద కూర్చుంటేనే వాడికి నిమ్మళం. మధ్యాహ్నం జొహర్ అజాన్ వేళకు దిగి వచ్చి అన్నం తింటాడు. వానకు ఎక్కలేని రోజున గోడకు తల కొట్టుకుంటాడు. ఎవరైనా చెయ్యి అడ్డం పెడితే వణికిపోతాడు. టికెట్ చూపించమంటే ఏం చూపిస్తాడు?

అన్నకు ఒక్క మాట చెప్పవా?

నీ నుస్రత్


బాల్కొండ
సెప్టెంబర్

నా నుస్రత్‌కు,

ఆదివారం ఆయన నన్ను చూడటానికి వచ్చినప్పుడు నీ మాట చెప్పాను. కోప్పడకు, ఆయన అన్నదాంట్లో నాకూ న్యాయం కనిపించింది. పోయిన ఎండాకాలం ఆ మెట్ల మీద సీసా పెంకు గుచ్చుకుని మా వదిన కాలికి కుట్లు పడ్డాయి. పెర్కిట్ నుంచి నడకకు వచ్చినావిడ మెడలో గొలుసు తెంపుకుపోయారు. మున్సిపల్ ఆఫీసుకు ఎన్ని అర్జీలు పెట్టినా నిధులు లేవన్నారు.

"గుట్ట అందరిది అంటరు గని, చీపురు పట్టుమంటె ఒక్కడు రాడు. జీతమిచ్చి మనిషిని పెడితెనే గుట్ట నిలుస్తది" అన్నాడు.

ఆమిర్‌కు పైసలు లేకుండా పాస్ ఇప్పిస్తానన్నాడు. వాడి ఫొటో ఒకటి మా పసుపు అడ్తి దుకాణంలో ఇవ్వు. పాస్ మెడలో ఉంటే ఎవరూ ఆపరు. నువ్వు ఊరికే ఫికర్ పెట్టుకోకు. వేళకు తిను.

నీ విజ్జి


ఆర్మూర్
అక్టోబర్

ప్రియమైన విజ్జీకి,

పాస్ ఇచ్చారు. మెడలో వేసి మొదటిరోజు నేనే వెంట వెళ్లాను. గేటు దగ్గర పెట్టిన మనిషి గంగాదాస్. మంచివాడు, ఆమిర్ లాగే నన్ను అక్క వరసలో ఆపా అంటాడు. "పాస్ ఉన్నది గద ఆపా, పోనియ్" అని నవ్వుతూ పక్కకు జరిగాడు. కానీ అక్కడ తోస్తే తిరిగే ఇనుప కమ్మీ ఒకటి పెట్టారు. ఒక్కొక్కరే దాన్ని తోసుకుంటూ లోపలికి పోవాలి. ఆమిర్ దాని మధ్యలోకి వెళ్లాక కమ్మీ కడుపుకు తగిలింది. వాడు పెట్టిన కేక నా చెవుల్లో ఇంకా ఉంది. వెనక నిలబడ్డవాళ్లలో ఒకడు ఫోన్ పైకెత్తి వీడియో తీశాడు. ఆమిర్ పాస్ తెంపి విసిరేసి ఇంటికి పరుగెత్తాడు.

కొన్నాళ్లు గడప దాటలేదు. గోడకు తల కొట్టుకోకుండా తలకూ గోడకూ మధ్య నా అరచెయ్యి పెట్టాను. తర్వాత ఒక పొద్దున తనే లేచి వెళ్లి, మధ్యాహ్నం శాంతంగా తిరిగొచ్చాడు. గేటుకు అలవాటు పడ్డాడని సంతోషపడ్డాను. కానీ వాడి లుంగీ నిండా ముళ్లు, తెల్లటి రాతిపొడి.

సీతాఫలాలు అమ్మే మంగవ్వను అడిగాను. "మేము క్వారీ దిక్కు నుంచే ఎక్కుతున్నం బిడ్డా. కాయల కోసం పొద్దుందాక ఎక్కుతం, దిగుతం. ఎక్కినప్పుడల్ల టికెట్ కొంటె నాకేం మిగుల్తది? నీ తమ్ముడు నా ఎనకాలనే వస్తున్నడు" అంది.

మూసేసిన ఆ క్వారీ నీకు తెలుసు కదా. దారంతా గుంత అంచు మీదే. కింద నీళ్లు. వాడిని ఇంట్లో పెట్టి తాళం వెయ్యలేను. గుట్టకు పంపి ఇక్కడ స్థిమితంగా ఉండలేను. ఈ ధ్యాసలో నిన్న ఒకరి జాకెట్టు చేతులు తిరగేసి కుట్టాను. ఆ కమ్మీ ఒక్కటి తీసేయమని చెప్పు విజ్జీ. టికెట్ ఉంటే ఉండనీ.

నీ నుస్రత్


బాల్కొండ
అక్టోబర్

నా నుస్రత్‌కు,

నీ ఉత్తరం ఆయన ముందు పెట్టి చదవమన్నాను. చదివాడు. "ఒక్కరి కోసం తీస్తె రేపు ఊరంత గదే అడుగుతది" అన్నాడు. "గుంతల ఎవరన్న పడితె అప్పుడేమంటవ్?" అన్నాను. కమిటీలో మాట్లాడతానని చెప్పి, సగం అన్నం వదిలేసి లేచాడు. వానలకు పసుపు చేన్లలో దుంపకుళ్లు తగిలిందని రైతులంతా దుకాణానికి వస్తున్నారట, ఆ చికాకు కూడా ఉంది.

మొదట నీకు అంత ధైర్యంగా రాసినందుకు నా మీద నాకే కోపంగా ఉంది. అప్పటిదాకా ఆమిర్‌ను ఎట్లయినా ఆపు. డాక్టర్ ఇంకా బస్సు ఎక్కనివ్వడం లేదు. లేకుంటే నేనే వచ్చి ఆ గేటు ముందు కూర్చునేదాన్ని.

నీ విజ్జి


బాల్కొండ
నవంబర్

నుస్రత్,

నీ నుంచి ఉత్తరం లేదు. అంకిత చేస్తే నీ ఫోన్ కలవడం లేదు. ఆర్మూర్‌లో క్వారీ గుంతలో ఎవరో పడ్డారని పాలు పోసే లోకేశ్ చెప్పాడు. ఆడో మగో అతనికి తెలియదు. అంకిత మీ దత్తాత్రి అన్నకు ఫోన్ చేస్తే "తర్వాత చెప్త" అని పెట్టేశాడు. ఆయన గొంతు బాగాలేదంది.

ఒక్క ముక్క రాయి. ఆమిర్ ఇంట్లో ఉన్నాడా?

విజ్జి


ఆర్మూర్
నవంబర్

ప్రియమైన విజ్జీకి,

ఆమిర్ ఇంట్లోనే ఉన్నాడు. పడింది మంగవ్వ. తుంటి ఎముక విరిగింది. నిజామాబాద్‌లో దవాఖానలో ఉంది, ప్రాణభయం లేదన్నారు. ఆమెకు ఎవరూ లేరు కాబట్టి ఆమిర్‌ను తీసుకుని నేనే ఆమె దగ్గర ఉండిపోయాను. నా ఫోన్ ఆ రోజే గుట్ట మీద ఎక్కడో పడిపోయింది. నిన్ను అంత భయపెట్టాను.

ఆ రోజు అజాన్ అయినా ఆమిర్ రాలేదు. పొద్దు కాస్త వాలేదాకా గుమ్మంలో నిలబడి, ఇక ఆగలేక చెప్పులు లేకుండానే గేటు దగ్గరికి పరుగెత్తాను. గంగాదాస్ నన్ను చూసి లేచాడు. "ఆపా, పొద్దుగాల లోపలి దిక్కు నుంచి గేటు దాక వచ్చిండు. నన్ను చూస్తె భయపడ్తడని నేనే పక్కకు మళ్లిన. మల్ల చూసేసరికి ఎన్కకు పోయిండు" అన్నాడు. టికెట్ల డబ్బా అక్కడే వదిలేసి నాతో క్వారీ దిక్కుకు వచ్చాడు.

క్వారీ గుంతలో, నీళ్లకు కాస్త పైన, రాళ్ల మధ్య మంగవ్వ పడి ఉంది. ఆమిర్ పక్కనే కూర్చుని, తన అంగీ విప్పి ఆమె ముఖానికి ఎండ తగలకుండా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఉన్నాడు. వీపు కమిలిపోయింది. నన్ను చూసి "ఆపా, గేటు" అన్నాడు. అంతే.

మంగవ్వే చెప్పింది. "గంగాదాస్‌ను పిల్చుకరా పో కొడుకా అని నేనే తోలిన. పోయిండు. ఉత్తగనే తిరిగొచ్చిండు. గేటు గేటు అనుకుంట ఏడ్సిండు. మల్ల నన్ను ఇడిసి కదల్లేదు."

ఆ మాట విని గంగాదాస్ "నన్ను పిలువనీకె వచ్చిండు, నేనే పక్కకు మళ్లిన ఆపా" అన్నాడు. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేసింది అతనే. నలుగురిని పిలిచి ఆమెను పైకి మోయించిందీ అతనే.

దత్తాత్రి అన్న దవాఖానకు వచ్చి మంగవ్వ కాళ్ల దగ్గర నిలబడ్డాడు. "కాయలు కుళ్లిపోతయి అయ్యా, ఎవరన్న తెంపుకొమ్మను" అందామె. అంకిత ఫోన్ అప్పుడే వచ్చినట్టుంది. ఆయనను ఏమీ అనకు.

కమిటీ వాళ్లు నన్నూ పిలిచారు. టికెట్ వద్దంటానని అందరూ అనుకున్నారు. "గంగాదాస్ లేకుంటె మంగవ్వ బతికేటిది కాదు. ఆయనకు జీతం కావాలె. బండ్లు పెట్టేకాడ పైసలు తీసుకోండ్రి. కాళ్ల మీద వచ్చెటోళ్లకు మాత్రం అడ్డం పెట్టకుండ్రి" అన్నాను. బండ్ల పైసలు చాలవని ఒకాయన లేచాడు. చాలుతాయో లేదో నాకూ తెలియదన్నాను. చివరికి దత్తాత్రి అన్నే "రేపు తీయిస్త" అన్నాడు. చెప్పినట్టే దగ్గరుండి గేటును, కమ్మీని స్తంభాలతో సహా కోయించాడు. గుంతకు కంచె ఎవరు వెయ్యాలన్నది ఇంకా తేలలేదు.

ఇప్పుడు అక్కడ ఏ అడ్డమూ లేదు విజ్జీ. కానీ ఆమిర్ రోజూ పొద్దున్నే వెళ్లి, సరిగ్గా ఆ చోటికి రాగానే ఆగిపోతున్నాడు. "పో భాయ్, ఏం లేదు" అని గంగాదాస్ దూరం నుంచే చెబుతాడు. మిషన్ ఆపేసి నేనూ వెంట వెళ్తున్నాను. చెయ్యి పట్టుకుని నేను ముందుకు అడుగేసి చూపిస్తాను. వాడు నా ముఖంలోకి చూస్తాడు, కాలు మాత్రం కదపడు.

నిన్న కూడా అక్కడి నుంచే ఇద్దరం ఇంటికి తిరిగొచ్చాం.

నీ నుస్రత్