శుక్రవారం గద్దలు

అమ్మీకి మెహ్రీన్ సలాం.

అల్లా దయవల్ల నేనూ, అబ్బాజానూ ఇక్కడ కులాసా. జహీరాబాద్‌లో అక్కా, పసిపాపా ఎలా ఉన్నారు? ఫోన్‌లో చెబుదామంటే అబ్బాజాన్ పక్కనే కూర్చుంటాడు, అందుకే ఈ ఉత్తరం. నాకు మనసు మనసులో లేదమ్మీ. అన్నం ముందు కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు.

పక్షులను లెక్కపెట్టడం కూడా ఉద్యోగమేనా అని అడిగావు. ఉద్యోగమే. పక్షులు తగిలితే విమానాలకు ప్రమాదం కదా. శంషాబాద్ చుట్టూ ఇరవై చోట్లు చీటీలు తీసి ఎంచారు. మనకు నచ్చిన చోట నిలబడితే ఒప్పుకోరు. చీటీలో వచ్చిన చోటే పది నిమిషాలు నిలబడి, కనిపించిన ప్రతి గద్దనూ రాయాలి. గద్దలు ఎక్కువున్న చోట మాంసం దుకాణాలు ఎత్తేయిస్తారు.

ఏడో చీటీ పాల్మాకులలో మన చికెన్ దుకాణం వెనకే పడింది.

సద్కా ఆపలేదు కదా అని కూడా అడిగావు. ఇంటర్‌లో నాకు డెంగీ వచ్చినప్పుడు నువ్వు మొక్కుకున్నది, అబ్బాజాన్ ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు. నా తల చుట్టూ తిప్పిన మాంసం తీసుకెళ్ళి దుకాణం వెనక గద్దలకు వేస్తున్నాడు. మొదటి శుక్రవారం లెక్కకు నిలబడితే అరవై ఎనిమిది వచ్చాయి. "చూడు బేటీ, గివన్ని నీ కోసమే వస్తయి" అని మురిసిపోయాడు.

ఇక అసలు సంగతి, తిట్టినా పడతాను. ఆ కాగితం దాచేసి, వేరే కాగితం మీద నాలుగని రాశాను. తర్వాతి రెండు వారాలు మాంసం నేను లెక్క ముగించి వెళ్ళాకే వెయ్యమన్నాను. ఎందుకని ఆయన అడగలేదు, ఈ లెక్కతో దుకాణాలు పోతాయని నేనూ చెప్పలేదు. తొమ్మిదో చోట ఉపేందరన్న మటన్ దుకాణం. అక్కడ మాత్రం ఉన్నదున్నట్టు ఇరవై తొమ్మిది రాశాను. మంగళవారం అతనికి దుకాణం ఎత్తేయమని నోటీసు వచ్చింది. దారిలో ఆపి, "నా దుకాణం కాడ్నే వస్తయా చెల్లె గద్దలు? మీ బాపు కాడ రావా?" అన్నాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఈ రోజు చివరి లెక్క. అబ్బాజాన్ గిన్నె పట్టుకుని, "నువ్వు పోయినంక వెయ్యాల్నా?" అన్నాడు. ఇప్పుడే వెయ్యమన్నాను. వచ్చినవన్నీ లెక్కపెట్టాను. దాచిన కాగితం కూడా జతచేసి, నేను చేసింది రాసి ఆఫీసులో ఇచ్చేశాను. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో, మన దుకాణానికి మాత్రం నోటీసు తప్పదు.

తిరిగొచ్చేసరికి ఆయన దుకాణం కడుగుతున్నాడు.

"పొద్దుగాల ఎన్నొచ్చినయి బేటీ?"

"డెబ్బై మూడు."

ఆ ముఖంలో సంతోషం చూసి తట్టుకోలేకపోయానమ్మీ. "అన్నొచ్చినయా! ఇగ నీకేం ఫికర్ లేదు" అని నా తల మీద తడిచెయ్యి పెట్టాడు.

ఇట్లు,
ఆ చెయ్యి కింద నోరు విప్పలేకపోయిన నీ కూతురు,
మెహ్రీన్