బ్యాటరీ అయిపోతోంది

ప్రిసిల్లా టీచర్ గారికి,

మల్కాజ్‌గిరి నుంచి నమస్కారం. మీ మెయిల్ అందింది. మీ పాటల ప్లేయర్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి, ఎవరైనా మార్చుకోగల ఉచిత సాఫ్ట్‌వేర్ వేయించుకున్నారన్నమాట. చూపులేనివాళ్ళ కోసం అందులో మెనూలను తెలుగులో చదివే గొంతు నాదే. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరూ వినడం లేదనుకున్నాను.

“అన్నీ మంచిగనే చెప్తున్నరు సార్, గానీ ‘బ్యాటరీ అయిపోతోంది’ అనేటప్పుడు గంత దిగులేంది? జెర మార్చుండ్రి” అని రాశారు. నాకు కోపం వచ్చింది. బ్యాటరీ అయిపోతుంటే నవ్వుతూ చెప్పాలా అనుకుంటూనే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. మీరన్నది నిజమే.

రిటైరయ్యాక ఇంట్లో ఒక్కణ్ణే కాబట్టి, తొందరేముందని రోజుకో మాట చొప్పున రికార్డు చేశాను. కొన్ని రోజులైతే, రోజంతా నేను పైకి అన్న మాట అదొక్కటే. ఈ బ్యాటరీ మాట అలాంటి రోజుదై ఉంటుంది.

మీ మెయిల్ రెండుసార్లు పైకి చదువుకుని, వెంటనే ఆ మాట మళ్ళీ రికార్డు చేశాను. కొత్త ఫైలు దీంతోపాటే పంపుతున్నాను. ఈసారి మరీ హుషారుగా వచ్చినట్టుంది.

మిగతా మాటలు కూడా తీరిగ్గా వినండి. వాటిలోనూ లోపాలుంటాయి. అన్నీ ఒకేసారి కాకుండా, ఒక్కొక్కటిగా రాయండి.

ఇట్లు,
మీ ప్లేయర్‌లోని గొంతు